చిల్లుల ప్లేటు ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

హన్మకొండ నుంచి మెకానికల్ థర్డ్ ఇయర్ తమ్ముడొకడు అడిగాడు: "చిల్లులున్న మైక్రో నిర్మాణాల్లో గ్యాస్ డ్యాంపింగ్ మోడలింగ్ మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నా. నాన్నకు ఆ పేరే నోరు తిరగట్లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. దీంతో ఉద్యోగం వస్తుందా అన్నా?"

ఈ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు తమ్ముడూ. మన దగ్గర మెమ్స్ (చిప్పు మీద కదిలే అతి చిన్న యంత్రాలు) డిజైన్ పోస్టులే తక్కువ, ఉన్నవాటికీ ఎక్కువగా ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్లనే చూస్తారు. అయినా నేను చెయ్యమనే అంటాను. ఎందుకంటే నువ్వు భయపడుతున్నంత కొత్త సబ్జెక్టేం కాదిది. మెషీన్ డిజైన్‌లో బేరింగులో ఆయిల్ పొర గురించి చదివావు కదా, 1886లో రేనాల్డ్స్ రాసిన ఆ సమీకరణమే ఇక్కడా పని చేస్తుంది, కాకపోతే ఆయిల్ స్థానంలో గాలి, సందు రెండు మైక్రాన్లు.

నీళ్ల బకెట్‌లో స్టీలు పళ్లేన్ని అడుగుకు ఆనేలా గబుక్కున నొక్కి చూడు, నీళ్లు పక్కకు పోవడానికి దారి లేక చేతిని ఎదురు తోస్తాయి. ఇడ్లీ ప్లేటు లాంటి చిల్లులదైతే తేలిగ్గా దిగుతుంది. సెన్సర్ చిప్పులో కదిలే చిన్న ప్లేటు కింద గాలితోనూ అంతే, ఆ గాలి ఎదురు తోసి కదలికను అణచడమే డ్యాంపింగ్. అసలు ఆ చిల్లులు పెట్టేది ప్లేటు కిందున్న ఆక్సైడ్ పొరను యాసిడ్ వెళ్లి కరిగించడానికి, డ్యాంపింగ్ తగ్గడం దాంతోపాటు వచ్చే లాభం.

చిక్కు ఎక్కడంటే, మూడొందల చిల్లులనూ మెష్ చేయబోతే, అంటే లెక్క కోసం చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టబోతే, నీ ల్యాప్‌టాప్ అక్కడే పడుకుంటుంది. అందుకే ఒక్క చిల్లు, దాని చుట్టూ ఉన్న భాగం మాత్రమే లెక్కకట్టి చిల్లుల సంఖ్యతో గుణిస్తారు, మైక్రోఫోన్ల కోసం 1967లో ష్క్వోర్ అనే పరిశోధకుడు ఇచ్చిన సూత్రం అలాంటిదే. కానీ ప్లేటు అంచుల నుంచి పోయే గాలిని అది పట్టించుకోదు కాబట్టి డ్యాంపింగ్ ఎక్కువగా చూపిస్తుంది, ప్లేటు మందంగా ఉన్నప్పుడు చిల్లు లోపలి నిరోధాన్ని మర్చిపోతేనేమో తక్కువ వస్తుంది. ఇంకోటి, మామూలు పీడనంలో గాలి అణువు ఒకసారి ఢీకొన్నాక మళ్లీ ఢీకొనేలోపు సుమారు 70 నానోమీటర్లు పోతుంది, రెండు మైక్రాన్ల సందులో అది చిన్న విషయం కాదు, గోడ దగ్గర గాలి జారుతుంది. ఆ సవరణ వెయ్యకపోతే వైవాలో దొరికిపోతావు.

ముందు చిల్లుల్లేని ప్లేటు చెయ్యి, దానికి జవాబు తెలుసు. అది సరిపోయాకే చిల్లుల జోలికి వెళ్లు. పైథాన్‌లో సొంతంగా రాసుకో, నాన్న చెప్పిన సాఫ్ట్‌వేరూ అందులోనే వచ్చేస్తుంది. సిమ్యులేషన్ ఉద్యోగాలకు వెళ్లినప్పుడు వాళ్లు అడిగేది ఇదే, నీ జవాబు తప్పని నీకెలా తెలిసింది అని. రెడీమేడ్ ప్రాజెక్టు మాత్రం కొనొద్దు. మాక్ ఇంటర్వ్యూల్లో అలాంటి పిల్లల్ని చాలామందిని కూర్చోబెట్టాను, రెండో ప్రశ్నకే గొంతు ఆరిపోతుంది. ఇష్టం కుదిరితే గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్సీలో నానో సైన్స్ సెంటర్ వైపు చూడు. అంతకంటే ముందు కాజీపేట రోడ్డులో నిట్ ఉండనే ఉంది, ఒక మెయిల్ పెట్టి వెళ్లి మాట్లాడు, కాదంటే పోయేది ఆటో ఛార్జీయే.

నాన్నకు చెప్పడం కష్టమైతే ఆయన ఫోన్‌లో వీడియో పెట్టి అడ్డంగా తిప్పి చూపించు. స్క్రీన్ తిరగ్గానే చెప్పు, ఆ తిప్పుడు కనిపెట్టిన చిప్పులో ఇలాంటి చిల్లుల ముక్కే ఉంటుందని.