సెలవులకు పుస్తకం చెప్పమంటే

విజయనగరం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవుల్లో చదువుకోడానికి పుస్తకాలు చెప్పమని మీ ఆఫీసువాళ్లు అడుగుతున్నారని రాశావు. పది పేర్లు రాసి అందరికీ ఒకటే జాబితా పంపెయ్యకు. చూసి బాగుందంటారు, ఒక్కరూ చదవరు. మనిషికి ఒక్క పుస్తకమే చెప్పు. ఎక్కడ మొదలెట్టాలో కూడా చెప్పు.

ముందు లెక్క చూసుకో. డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా తొమ్మిది రోజులు. చుట్టాలూ, ప్రయాణాలూ, టీవీ పోగా రోజుకి అరగంట మిగిలితే గొప్ప. చదివే అలవాటు తప్పినవాళ్లు అరగంటలో పది పన్నెండు పేజీలు లాగుతారు. అంతా కలిపి వంద పేజీలు. నాలుగువందల పేజీల నవల చెప్పావంటే అది సంక్రాంతికి కూడా తలగడ పక్కనే ఉంటుంది. పైగా మళ్లీ నిన్ను అడగరు.

మనవైపు వాళ్లకి నేనైతే ‘కన్యాశుల్కం’తో మొదలెట్టమంటాను. వెంకటేశం ఇంటికి పోయేది క్రిస్మస్ సెలవులకే కదా! చదువు చెప్పే వంకతో గిరీశం వెంట తగులుకుంటాడు. ఈ ఒక్క సంగతి చెప్పి చూడు, సగంమంది పుస్తకం తీస్తారు. తీసినవాళ్లు పదో పేజీలో ఎందుకు ఆగిపోతారంటే, మనసులో చదువుకుంటారు గనక. ఆనాటి రాత కంటికి అడ్డం పడుతుంది. అదే పైకి చదివితే మన వీధి మాటలాగే వినిపిస్తుంది. ముగ్గురు దొరికితే చాలు: గిరీశం, వెంకటేశం, బాకీ వసూలుకొచ్చే ఫొటోగ్రాఫు పంతులు నౌకరు. మొదట్లో వచ్చే బొంకులదిబ్బ రంగం ఒక్కటీ అలా చదివించు, మిగతాది వాళ్లే చదువుకుంటారు. కొనేముందు అంకాలు లెక్కపెట్టమను. 1897 నాటి మొదటి కూర్పుకి ఐదంకాలు, గురజాడ తిరగరాసిన 1909 కూర్పుకి ఏడు. కావలసింది ఏడంకాలది. వెనకాల పాత మాటలకి అర్థాలిచ్చిన ప్రతి దొరికితే పది రూపాయలెక్కువైనా అదే తీసుకోమను.

అంత ఓపిక లేనివాళ్లకి చాసో, అంటే చాగంటి సోమయాజులు, కథలు. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికిన మనిషి. కథలు పొట్టివి, ఒక్క అనవసరపు మాట ఉండదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ దగ్గర మొదలెట్టమను, కాఫీ చల్లారేలోగా అయిపోతుంది. కాకపోతే ఆ పూటకి ఇంకో కథ చదవొద్దను. వరసగా నాలుగు మింగితే ఏదీ గుర్తుండదు. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, రాసిన ‘యజ్ఞం’ మాత్రం పండగ రాత్రి చెప్పకు. పెద్ద కథ, ఊరి అప్పు తగువు మెల్లగా బిగుసుకుంటూ పోయి చివర గట్టిగా తగులుతుంది. జనవరి మొదటి ఆదివారం పగటిపూట చదివేది అది.

క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో చాలామంది డిసెంబరు ఒకటి నుంచి లూకా సువార్త రోజుకో అధ్యాయం చదువుతారు. 24 అధ్యాయాలు, 24 రోజులు, లెక్క బాగానే కుదిరింది. చిక్కేమిటంటే యేసు పుట్టుక రెండో అధ్యాయంలోనే వచ్చేస్తుంది. ఒకటో తారీకున మొదటినుంచి పట్టుకుంటే పండగ ముందురోజుకి పునరుత్థానం దగ్గర ఉంటారు. కాబట్టి 1న మూడో అధ్యాయంతో మొదలెట్టాలి. 22కి చివరిది అయిపోతుంది. 23న మొదటి అధ్యాయం, 24 సాయంత్రం రెండోది. మొదటి అధ్యాయంలో 80 వచనాలు, ఆ రోజు కొంచెం ముందుగా కూర్చోవాలి. పద్యం రాగం తీసి చదవగల పెద్దవాళ్లుంటే జాషువా ‘క్రీస్తు చరిత్ర’ చెప్పు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కావ్యం. పద్యం అలవాటులేని కుర్రాళ్లకి అంటగట్టకు.

పిల్లలున్నవాళ్లకి డికెన్సు ‘క్రిస్మస్ కేరల్’. 1843 డిసెంబరు 19న వచ్చింది, ఐదే భాగాలు. రాత్రికొకటి చొప్పున ఐదు రాత్రులు. పాటల బృందంతో వీధులు తిరిగేవాళ్లకి 25కి ముందు తీరిక ఉండదు, వాళ్లని 26న మొదలెట్టమను. పిల్లలకని ముప్ఫై పేజీలకి కుదించిన బొమ్మల పుస్తకాల్లో దెయ్యాలుంటాయి గానీ కథలో ముఖ్యుడైన ముసలాడి పిసినారితనంలోని హాస్యం ఎగిరిపోతుంది. విషయసూచిక తిప్పి ఐదు భాగాలూ ఉన్నాయో లేదో చూడాలి. ఓ హెన్రీ రాసిన ‘మేజై కానుక’ అయితే ఒక్క పూట కథే. కొత్తగా పెళ్లైనవాళ్లకి చెప్పు, చివరేమవుతుందో మాత్రం నోరు జారకు. అక్కడే ఉంది కథంతా.

ఇక పుస్తకం చేతికొచ్చాక చూడవలసినవి. కూర్చి కుట్టేటప్పుడు పదహారు పేజీల ఫారం ఒకటి రెండుసార్లు పడి ఇంకోటి మాయమవడం మామూలే. 16, 32, 48 పేజీల దగ్గర అంకెల వరస చూసి గాని డబ్బివ్వకు. అరవై దాటినవాళ్లకైతే షాపు ట్యూబులైటు కింద మూరెడు దూరం పెట్టి, ఒత్తులు విడిగా కనిపిస్తున్నాయో లేదో చూడు. ‘క్త’కీ ‘క్ర’కీ తేడా తెలియకపోతే ఆ ప్రతి వద్దు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో తెప్పించేవి డిసెంబరు 10లోపు ఆర్డరు పెట్టు. తర్వాత పెడితే పార్సెలు కొత్త సంవత్సరంలో దిగుతుంది.

ఎవరైనా ఎప్పుడో చదివిన కథ పేరు సగమే గుర్తుందంటే, మీ శ్రీకాకుళంలోనే తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది, కారా మాస్టారు 1997లో పెట్టింది. పత్రిక పేరు, సుమారు ఏడాది కాయితం మీద రాసుకుని వెళ్లు. ఊరికే ‘పాత కథండీ, ఒక ముసలమ్మ ఉంటుంది’ అంటే వాళ్లు మాత్రం ఏం వెతుకుతారు?

నీ సొంత ప్రతులు ఎరువిస్తే చివరి అట్ట లోపల పెన్సిలుతో తారీకు వెయ్యి. తీసుకున్నవాళ్ల పేరు నీ డైరీలో రాసుకో, పుస్తకం మీద కాదు.

మీ పెదనాన్న