డబ్బా తీయకండి, స్పాంజ్ మార్చండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు మెకానిక్ జవాబులు

ప్రశ్న: మా నాన్నగారి 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పుడు నేను నడుపుతున్నాను. పికప్ బాగా తగ్గింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, కార్బురేటర్‌కు నేరుగా కోన్ ఫిల్టర్ బిగిస్తే దూసుకుపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. త్వరలో ఆర్‌సీ రెన్యువల్ ఉంది. అలా మార్చినా పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, పిడుగురాళ్ల

జవాబు: సర్టిఫికెట్ రావచ్చు బాబూ. నాకు భయం అక్కడే.

పొల్యూషన్ వ్యాన్ దగ్గర సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూసేది బండి ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు. 2000 మార్చి ఆఖరులోపు తయారైన టూ వీలర్లకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం (పది లక్షల్లో 9,000 వంతులు) దాకా ఒప్పుకుంటారు. ఐడిలింగ్‌లో పెట్రోలు వచ్చేది కార్బురేటర్‌లోని పైలట్ జెట్ అనే చిన్న రంధ్రం నుంచి. కోన్ ఫిల్టర్ ప్రభావం గట్టిగా తెలిసేది యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు. అప్పుడు పనిచేసేవి వేరు: సగం దగ్గర నీడిల్, ముప్పావు దాటాక మెయిన్ జెట్. వ్యాన్ దగ్గర వచ్చిన రీడింగ్, మీరు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద ఫుల్ రేజ్‌లో వెళ్తుంటే ఇంజన్‌లో ఏం జరుగుతోందో చెప్పదు. చేతిలో సర్టిఫికెట్ ఉంది కదా అని మీరు ధీమాగా ఉంటారు, లోపల సిలిండర్ కాగిపోతూ ఉంటుంది.

ఎందుకంటే, డబ్బాలో ఎంత ఖాళీ ఉంది, అందులోని ఫిల్టర్ స్పాంజ్ గాలిని ఎంత ఆపుతుంది, రబ్బరు గొట్టం పొడవెంత అన్నీ చూసుకునే కంపెనీవాళ్లు జెట్ సైజు పెట్టారు. డబ్బా తీస్తే గాలి ఎక్కువవుతుంది, జెట్ మాత్రం అదే. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. మీ బండిలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌కు లోపలికొచ్చే ఆ పెట్రోలే చల్లదనం కూడా. అది చాలకపోతే పిస్టన్ వేడెక్కి, ఉబ్బి, సిలిండర్‌కు పట్టేస్తుంది. తర్వాత సిలిండర్ లోపలి గోడ (బోరు) అరగదీసే బోరింగ్, ఓవర్‌సైజ్ పిస్టన్. 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. దాని ఒరిజినల్ బోరు ఒకసారి పోతే మళ్లీ రాదు. నాన్నగారు అన్నేళ్లు కాపాడుకొచ్చిన ఇంజన్‌ను ఒక వేసవిలో పోగొట్టుకోవద్దు.

మీ ఊరి సంగతి కూడా ఆలోచించండి. సున్నం బట్టీల మధ్య తిరిగే బండి అది. టూ స్ట్రోక్‌లో గాలి నేరుగా పిస్టన్ పైకి వెళ్లదు, ముందు పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసులోకి వస్తుంది. ఫిల్టర్ దాటిన దుమ్ము మొదట క్రాంక్ బేరింగ్‌లను తింటుంది, ఆ తర్వాతే రింగులు, బోరు. ఆయిల్ తడి ఉన్న స్పాంజ్ ఆ పొడిని పట్టి ఉంచినట్టు, సందుల్లో దొరికే చవక కోన్ ఫిల్టర్ జాలీ పట్టి ఉంచలేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చవద్దంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెన్యువల్‌కు బండిని ఇన్‌స్పెక్టర్ కళ్లారా చూస్తారు. సైడ్ కవర్ వెనక డబ్బా ఉండాల్సిన చోట ఖాళీ కనబడితే ఏం జవాబు చెబుతారు?

అసలు మీ పికప్ ఎందుకు పోయిందో చూద్దాం. నా అనుభవంలో ఇలాంటి బండ్లలో ముందు అనుమానించాల్సింది సైలెన్సర్. లోపల శబ్దం తగ్గించే గొట్టం, అదే బాఫిల్, నిండా ఆయిల్ మసి గట్టిపడి పొగకు దారి ఉండదు. బయటికి పోయే దారి మూసుకుంటే లోపలికి ఎంత గాలి తోలినా లాభం లేదు. బాఫిల్ ఊడదీసి మసి గీకించండి, సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర కూడా. తర్వాత స్పాంజ్. పాతది చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది, ఆ పొడి ఇంజన్‌లోకే పోతుంది. కొత్తది కొని, టూ స్ట్రోక్ బండ్లకు వాడే టూటీ ఆయిల్‌లో ముంచి, నీళ్లు పిండినట్టు గట్టిగా పిండి పెట్టండి. ఆయిల్ కారుతూ ఉంటే గాలి ఆడదు.

కార్బురేటర్‌కు రెండు వైపులా ఉన్న రబ్బర్లు చిట్లాయేమో వంచి చూడండి. ఇంజన్ వైపు రబ్బరు చిట్లితే దొంగగాలి పీల్చి కోన్ ఫిల్టర్ పెట్టినంత పనీ చేస్తుంది. గాలి వెనక్కి రాకుండా ఆపే రీడ్ వాల్వ్ రేకులు సరిగ్గా మూసుకుంటున్నాయా చూడండి. క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోతే గేర్ ఆయిల్ కాలి తెల్లపొగ వస్తుంది. పెట్రోలు బండ్ల పొల్యూషన్ టెస్టులో ఆ పొగను కొలవరు. రీడింగ్ బాగుంది కదా అని దాన్ని వదిలేయకండి.

ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్ మీద గాలిని సర్దే ఎయిర్ స్క్రూ జోలికి వెళ్లండి. ఇంజన్ వేడెక్కాక, మెల్లగా చివరిదాకా బిగించి సుమారు ఒకటిన్నర చుట్టు వదలండి. అక్కడి నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా. ఈ కార్బురేటర్‌లో స్క్రూ బిగిస్తే రిచ్ (పెట్రోలు ఎక్కువ), వదిలితే లీన్. రీడింగ్ తగ్గాలని కొందరు వ్యాన్ ముందు స్క్రూ వదిలించి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ బిగిస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే. పైగా మరీ వదిలితే మిస్‌ఫైర్ వచ్చి హైడ్రోకార్బన్లు పెరుగుతాయి.

చివరగా స్పార్క్ ప్లగ్. ఖాళీ రోడ్డు మీద కొంత దూరం నడిపి, ఆపి, ప్లగ్ విప్పండి. బిస్కెట్ రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే బండి తీయకండి, ఎక్కడో గాలి లాగుతోంది.

ప్రశ్న: మాది 2012 పెట్రోలు కారు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ చోటే కడిగి వాడుకునే కాటన్ ఫిల్టర్ వేశాను. పొల్యూషన్ టెస్టులో ఇబ్బందా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: ఒరిజినల్ డబ్బాలోనే కూర్చుంటుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదమ్మా. మీది బీఎస్ 4 కాలుష్య ప్రమాణాల బండి. ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల లెక్క) కూడా చూస్తారు, అది 0.97కూ 1.03కూ మధ్య ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే కంప్యూటరే సర్దుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది ఫిల్టర్ ఆయిల్ విషయంలో. కడిగిన ప్రతిసారీ ధారగా పోస్తే, లోపలికెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో ఆ ఆయిల్ దాని సన్న తీగకు అంటి గాలి లెక్క తప్పుతుంది. పలచగా రాసి, ఒక రాత్రి ఆరనిచ్చి పెట్టండి. చెక్ ఇంజన్ లైటు వెలిగితే టెస్టుకు వెళ్లకముందే ఆ సెన్సర్‌ను దానికోసం అమ్మే స్ప్రేతో శుభ్రం చేయించండి. గుడ్డతో మాత్రం తుడవనివ్వకండి, తీగ తెగుతుంది.