తాతగారు పోయాక పిల్లవాడు దీపం దగ్గరకు రానంటుంటే

తాతగారు పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్ల మీ అబ్బాయి సాయంత్రం దీపం దగ్గరకు రావడం లేదని, "ఇన్ని పూజలు చేసినా దేవుడు తాతయ్యను ఎందుకు ఉంచలేదు?" అని అడుగుతున్నాడని, బలవంతపెట్టాలో ఊరుకోవాలో తోచడం లేదని రాశారు. నేను అమలాపురం దగ్గర ఒక కాలువగట్టు ఊళ్లో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను. మావారు పోయినప్పుడు మా మనవడూ ఇలాగే మొండికేశాడు కాబట్టి, మా ఇంట్లో అక్కరకు వచ్చినవే చెబుతాను.

బలవంతం వద్దమ్మా. మీ వాడు దేవుడి మీద అలిగాడు, అంతే. అలిగిన పిల్లవాడిని "అలా అంటే కళ్లు పోతాయి" అని గదమాయిస్తే ఆ ప్రశ్న నోట్లోనే ఆగిపోయి, రాత్రిళ్లు భయంగా తేలుతుంది. మా అబ్బాయి మాత్రం మా మనవడిని దగ్గరకు తీసుకుని, "నాకూ తెలియదు నాన్నా, నాకూ తాతయ్య కావాలనే ఉంది" అని చెప్పి వాడి ముందే కళ్లు తుడుచుకున్నాడు.

కార్తికం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమికి, మా వైపు ఆడవాళ్లు తెల్లవారకముందే అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదులుతారు. నేను వాడిని పూజకు పిలవకుండా, ముందురోజు సాయంత్రం అరటిబోదె నుంచి దొప్పలు విడదీసే పని అప్పగించాను. దొప్ప ఒరిగిపోకుండా వత్తి ఎక్కడ నిలపాలో బకెట్టు నీళ్లలో వదిలి చూసుకుంటూ వాడే కనిపెట్టాడు. ఆ పని సాగుతుండగా, అత్తగారు తక్కిన కోడళ్లను వెంటబెట్టుకుని నదికి వెళ్లిపోతే, ఇంట్లో మిగిలిపోయిన చిన్న కోడలు పోలి పెరట్లో పత్తితో, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకుని స్వర్గానికి వెళ్లిన కథ చెప్పాను. వాడు స్వర్గం సంగతి పట్టించుకోలేదు. "ఆమెనొక్కదాన్నే ఎందుకు వదిలేసి వెళ్లారు?" అని అడిగి, తాతయ్యను చూడటానికి ఆసుపత్రికి తనను తీసుకువెళ్లలేదన్న మాట మొదటిసారి బయటపెట్టాడు. అసలు బాధ అదన్నమాట.

మర్నాడు దీపం ఎక్కడికి పోతుందని అడిగితే, ఈ నీళ్లు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వస్తున్నాయని, దీపం మహా అయితే మలుపు దాకా వెళ్లి ఆరిపోతుందని, మనం మాత్రం తాతయ్యను తలచుకుని వదులుతున్నామని ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ 1852లో పూర్తయిన పాత ఆనకట్టను కట్టించిన ఇంజనీరు కాటన్ దొరకు ఇప్పటికీ గోదావరిలో తర్పణం విడిచేవాళ్లున్నారంటే వాడు ఆశ్చర్యపోయాడు.

కనుమనాడు వీలైతే మా కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళ్లండి. వెదురుతో కట్టి రంగురంగుల బట్టలతో అలంకరించిన ఎత్తైన ప్రభలు మనుషుల భుజాల మీద వరిచేలు దాటి వస్తుంటే ఏ పిల్లవాడినీ కూర్చోమని బతిమాలనక్కర్లేదు.

"పిల్లవాడిని దేవుడి ముందు కూర్చోబెట్టలేకపోతున్నావా" అని బంధువులు మిమ్మల్ని దెప్పుతున్నారని కూడా రాశారు. నాలాంటి పెద్దవాళ్లు ఆ మాట మానాలి. నేను సాయంత్రం వంట నా మీద వేసుకున్నాక, కోడలికి వాడి పక్కన తీరిగ్గా కూర్చునే వేళ చిక్కింది. మీ అత్తగారిని అడగవలసిన సాయం ఇదే. మీవారి చేత అడిగించండి, కొడుకు చెబితే వింటారు.

నిద్రలో ఉలిక్కిపడటం, తిండి మానడం, బడికి వెళ్లననడం వారాల తరబడి సాగితే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తాయెత్తు కట్టిస్తే మీ మనసు కుదుటపడుతుందనుకుంటే కట్టించండి గానీ, దానితో సరిపెట్టకండి.