ఆ నీలం దీపం గురించి

చిరంజీవి మేనకోడలికి,
శ్రీకాకుళం నుంచి మావయ్య ఆశీస్సులు.

ఎయిర్‌బస్ 320లో ట్రైనింగ్ మొదలైందని మీ అమ్మ ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లు ఇంజిన్ల కింద రెంచీ తిప్పినవాణ్ని కదా, ఇంజిన్ యాంటీ ఐస్ గురించి, అదే వాల్వు తెరిచి వేడిగాలి పంపి ఇంజిన్ మూతికి మంచు పట్టకుండా చూసే ఏర్పాటు గురించి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేను.

మన పొలంలో మోటారు స్టార్టర్ గుర్తుందా? బటన్ నొక్కగానే దీపం వెలిగేది. తాతయ్య ఆ దీపాన్ని నమ్మేవారు కాదు. గట్టు మీదుగా నడిచెళ్లి పైపులో నీళ్లు పడుతున్నాయో లేదో చూసొచ్చేవారు. నీ నెత్తిమీది ప్యానెల్‌లో నీలం ఆన్ దీపమూ అంతే, బటన్ నొక్కావని చెబుతుంది. వాల్వు నీ మాట విందో లేదో చెప్పేది ముదురు పసుపు ఫాల్ట్ దీపం. వాల్వు కదులుతున్నంతసేపు వెలిగి ఆరిపోతుంది. ఆరకుండా ఉండిపోతే మాత్రం వాల్వు ఒకచోట, బటన్ ఒకచోట ఉన్నట్టు. స్క్రీన్ మీద ఆకుపచ్చ మెమో వచ్చిందా, ఎన్‌వన్ (ఇంజిన్ ముందు ఫ్యాన్ తిరిగే వేగం) పరిమితి కాస్త దిగిందా, అవీ చూసుకో.

ఇంజిన్ మూతికి మంచు పడుతోందని మాత్రం ఈ దీపాలేవీ చెప్పవు. మేఘమో వానో ఉండి, టీఏటీ, అంటే ఎగిరే విమానానికి తగిలే గాలి వేడి, 10 డిగ్రీలకి దిగితే నువ్వే వేసుకోవాలి. కింద చెమటలు కక్కుతుంటే ఐస్ ఏమిటనిపిస్తుంది. కానీ విమానం వేగానికి టీఏటీ బయటి గాలికంటే ఎక్కువే చూపిస్తుంది. అక్కడ 10 కనబడే వేళకి బయట సున్నాకి దిగి ఉండొచ్చు. ఎక్కేటప్పుడు, పైన సమంగా పోయే క్రూజ్‌లో, బయట మైనస్ 40 కంటే కిందికి పోతే అక్కర్లేదు. దిగేటప్పుడు ఆ మినహాయింపు లేదు, మేఘంలోకి దిగకముందే వేసెయ్. ఆలస్యమైతే పేరుకున్న పెచ్చులు ఊడి ఇంజిన్లోకే పోతాయి.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఒక బోయింగ్ 737 బయల్దేరింది. చెక్‌లిస్ట్‌లో యాంటీ ఐస్ అని అడిగితే "ఆఫ్" అన్నారు. ఇంజిన్ ముందు గాలి ఒత్తిడి కొలిచే గొట్టానికి (ప్రోబ్) మంచు పట్టి, 1.70 దగ్గరున్న ఈపీఆర్‌ని, అంటే ఇంజిన్ తోపు బలం చెప్పే అంకెని, గేజ్ 2.04గా చూపించింది. ఎన్‌వన్ గేజ్ నిజమే చెబుతోంది. ఇదేదో తేడాగా ఉందని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు అన్నాడు, కెప్టెన్ బాగానే ఉందన్నాడు. విమానం పోటోమాక్ నదిలో పడింది, 78 మంది పోయారు. నువ్వు కూర్చోబోయేదీ ఆ కుడి సీటే. తేడా అనిపిస్తే గొణక్కు, గట్టిగా చెప్పు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కాక్‌పిట్ పోస్టర్ తెచ్చుకో. గోడకి అంటించి, కళ్లు మూసుకుని ఆ బటన్ మీద నీ వేలు పడుతుందో లేదో చూద్దాం. పలాస జీడిపప్పు తెప్పించి ఉంచాను.

మీ మావయ్య