కొండకొచ్చే చుట్టాలు, పిల్లలున్న ఇల్లు

ప్రశ్న: మాది తిరుపతి. రెండు పడగ్గదుల ఇల్లు. పిల్లలకు ఏడేళ్లు, నాలుగేళ్లు. కొండకొచ్చే బంధువులు నెలకు రెండు మూడుసార్లు మా ఇంట్లోనే దిగుతారు. ఎవరు ఎప్పుడొస్తారోనని రోజుకు రెండుసార్లు బండలు తుడుస్తాను. బొమ్మలు బయటికి తీస్తే పిల్లలమీద అరుస్తాను. సోఫాలో కూర్చోవాలంటే భయమేస్తోందని మావారు అంటున్నారు. ఒకసారి మా అత్తమ్మ అందరి ముందూ ‘ఇల్లేంటి ఇలా ఉంది’ అన్నారు. ఆ మాట మరిచిపోలేకపోతున్నాను. నడుం నొప్పి కూడా మొదలైంది.

జవాబు: అమ్మా, మీ చేత రెండోసారి బండలు తుడిపిస్తున్నది దుమ్ము కంటే అత్తమ్మగారి మాటే అనిపిస్తోంది. అందుకే ఎంత తుడిచినా మీకు తృప్తి కలగడం లేదు. ముందు ఆరోగ్యం కోసం చేసే పని ఏదో, చూసేవాళ్ల కోసం చేసే పని ఏదో విడదీయండి.

ఆరోగ్యం విషయంలో రాజీ వద్దు. వంటగట్టు, కూరగాయలు తరిగే పలక, మరుగుదొడ్డి రోజూ శుభ్రంగా ఉండాలి. వంటింటి మసిగుడ్డను ఉతికి ఎండలో ఆరేయండి. డ్రమ్ములు, కూలర్, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే పళ్లెం వారానికోసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు.

మిగతా పనుల్లో వదులుకోవచ్చు. కసువు రోజుకోసారి ఊడ్చండి. వంటిల్లు, అన్నం తినే చోటు మాత్రం రోజూ తుడిచి, మిగతా గదులు రోజు విడిచి రోజు తుడిస్తే చాలు. వంగి తుడవకుండా పొడవాటి కర్ర ఉన్న మాప్ వాడండి. నొప్పి కాళ్లలోకి దిగినా, తిమ్మిరెక్కినా డాక్టర్‌కు చూపించాలి. కుళాయిల మీద తెల్లటి మరకలు మురికి కాదు, బోరు నీళ్లు ఆరాక మిగిలే ఉప్పు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి కడిగితే పోతుంది. పాలరాయి మీద మాత్రం వెనిగర్ పడకూడదు, మెరుపు పోతుంది. ఇంకా తెల్లగా రావాలని యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఈ వారం ఒక్క పనే మానండి, మధ్యాహ్నం తుడిచే పని. మొదటి నాలుగైదు రోజులు చేతులు ఆగవు, మనసు పీకుతుంది. అప్పుడు లేచి తుడిచేస్తే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది కానీ మర్నాడు అదే ఆత్రం మళ్లీ వస్తుంది. తుడవకుండా కాసేపు ఓర్చుకుంటే దానంతటదే తగ్గుతుంది. అలా తగ్గకపోయినా, శుభ్రం చేయడానికీ మురికి ఆలోచనలకీ రోజూ గంటకు మించి పోతూ అవి మిమ్మల్ని వేధిస్తున్నా, చర్మం పగిలేదాకా చేతులు కడుగుతున్నా, కడగకపోతే ఏదో చెడు జరుగుతుందనిపించినా అది వైద్యం అవసరమైన సమస్య కావచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

బొమ్మలకు హాలు మూలలో మూతలేని వెడల్పు బుట్ట పెట్టండి. మూత ఉంటే నాలుగేళ్ల బిడ్డ తీసి వేయడు. ‘సర్దు’ అంటే వాడికి అర్థం కాదు, ‘కార్లన్నీ ఇందులో వెయ్యి’ అనండి. పడుకునే ముందు పది నిమిషాలు చాలు. సగం కట్టిన ఇల్లో, వంతెనో చాప మీద ఉంటే రేపటికి అలాగే వదిలేయండి. మీవారికి ఒక పని పూర్తిగా అప్పగించాలి, దుప్పట్లు మడవడమో, రాత్రి అంట్లు తోమడమో. ఆయన చేసిన పనిని మీరు వెనకే మళ్లీ చేస్తే, నాలుగో రోజు నుంచి ఆయన చేయరు.

చుట్టాలు దర్శనం క్యూలో నిలబడి, అలసిపోయి వస్తారు. వాళ్లకు కావలసింది ఖాళీగా ఉన్న స్నానాలగది, తాగే నీళ్లు, నడుం వాల్చే చోటు, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు. నలుగురికి సరిపడా చాపలు, దుప్పట్లు, తువ్వాళ్లు ఒకే సంచిలో కట్టి ఉంచండి. వాళ్లు వెళ్లాక ఉతికి మళ్లీ అందులోనే పెట్టేయండి. గుండు చేయించుకుని గంధం పూసుకొచ్చిన వాళ్ల దిండు మీద పాత తువ్వాలు పరవండి. లడ్డూలు రాగానే బిగుతు మూత డబ్బాలోకి మారిస్తే చీమలు పట్టవు. బయల్దేరే ముందు ఫోన్ చేయమని అందరికీ చెప్పండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అత్తమ్మగారు మళ్లీ అంటే ముందు మీవారే మాట్లాడాలి, తల్లికి కొడుకు చెప్పడమే మర్యాద. ‘పిల్లలున్న ఇల్లమ్మా, ఇప్పుడిలాగే ఉంటుంది’ అంటే చాలు. ఆ మాట ఆయన ఎలా చెప్పాలో ఇద్దరూ ఆవిడ రాకముందే అనుకోండి. ఆయన లేనప్పుడు వస్తే అదే మాట మీరూ నెమ్మదిగా అని, కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోండి. చీపురు మాత్రం అప్పుడు పట్టకండి.