రాసే ముందు రెండు రోజులు కౌంటర్ పక్కన కూర్చో

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

వేరే భాషల నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగులకు తెలుగు నేర్పే పుస్తకం రాస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెట్టేశాక కాసేపు నాలో నేనే మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇప్పటికే పన్నెండు పాఠాలు అయిపోయాయట. "నేర్చుకునేవాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడిందా?" అని అడిగితే, "గూగుల్ ఫారం పంపిందక్కా" అంది. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది.

ఎందుకంటే నేనూ అలాంటి ఫారమే పంచాను, కాగితం మీద.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఒక ఆస్పత్రిలో చేరిన వేరే రాష్ట్రాల నర్సులకు తెలుగు పుస్తకం రాయమన్నారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం, వీటిలో ఏవి కావాలో టిక్కు పెట్టమన్నాను. అందరూ నాలుగింటికీ పెట్టారు. అడిగితే వద్దనేవాళ్ళు ఎవరు? నేను సంబరపడిపోయి, నాకు బళ్ళో నేర్పిన వరసలోనే వెళ్ళాను. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాత శరీర భాగాలు, క్రియలు. అక్కడ కేస్‌షీట్లన్నీ ఇంగ్లీషులోనే రాస్తారు, ఆ పిల్లలకు తెలుగు రాయాల్సిన పనే లేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. మూడు వారాలు వాళ్ళ చేత 'ఋ' దిద్దించాను, తల్లీ!

చివర్లో అభిప్రాయం అడిగితే "చాలా బాగుంది మేడమ్" అని అందరూ రాశారు. ఆ కాగితాలు ఫైల్లో పెట్టుకుని నలుగురికీ చూపించుకున్నాను.

నెల తర్వాత వార్డుకి వెళ్ళాను. ఒక పెద్దాయన మంచం దిగి నిలబడి, "కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అన్నాడు. పక్కనున్నది నా క్లాసులో ఫస్టొచ్చిన పిల్ల. 'కళ్ళు' నాలుగో పాఠంలో ఉంది, 'తిరగడం' తొమ్మిదో పాఠంలో ఉంది. రెండూ కలుపుకుని అర్థం చేసుకుంది. టార్చి తీసి ఆయన కళ్ళలోకి చూడబోయింది. ఈలోగా ఆయన పడిపోయాడు. మంచం కోడు తగిలి నుదురు చిట్లింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, అయినా అందుకోలేకపోయాను. ఆయనకు నాలుగు కుట్లతో పోయింది. ఆ పిల్ల మాత్రం ఏడుస్తూ నా పుస్తకం తెచ్చి, "ఇందులో ఎక్కడుంది మేడమ్?" అంది. నన్ను తప్పుపట్టడానికి కాదు, నిజంగానే వెతుకుతోంది.

ఆ సాయంత్రం ఆమె పుస్తకం తిరగేశాను. పాఠాలన్నీ కొత్తగా, నలగకుండా ఉన్నాయి. వెనక అట్ట లోపల మాత్రం పెన్సిల్‌తో, ఆమె సొంత లిపిలో రెండు వరసలు కిక్కిరిసి ఉన్నాయి. చదివించుకున్నాను. సలుపు, పోటు, మంట, గుంజుతోంది, తిమ్మిరెక్కింది, కడుపులో తిప్పుతోంది, నెల తప్పింది. వార్డులో చెవిన పడ్డవి పడ్డట్టు రాసుకుంది. నేను రాయాల్సిన పుస్తకం ఆ అట్ట మీద ఉంది.

1987లో హచిన్సన్, వాటర్స్ అనే ఇద్దరు భాషా బోధన నిపుణులు నేర్చుకునేవాళ్ళ 'అవసరం' అనేదాన్ని మూడుగా విడదీసి చెప్పారు. పనికి తప్పనిసరైనది, ఇప్పటికి రానిది, నేర్చుకునేవాళ్ళు కోరుకునేది. నేను అది చదివి పరీక్షలో కూడా రాశాను, మార్కులూ వచ్చాయి. ఏం లాభం? ఆ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకు. తోటివాళ్ళు నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియాలన్నది ఆ పిల్లల కోరిక. ఏ ఫారంలోనూ దానికి గడి ఉండదు.

అందుకే చెబుతున్నా. అనుమతి తీసుకుని రెండు రోజులు కౌంటర్ పక్కన కూర్చో. ఎవరి ఖాతా వివరాలూ రాసుకోవద్దు, మాటలు మాత్రమే రాసుకో. "డబ్బులు పడ్డాయా?" అంటారు, "వేలిముద్ర పడట్లేదు" అంటారు, "పాస్‌బుక్కులో ఎక్కలేదు" అంటారు. నువ్వేమో 'పడటం' అనే మాటని "బాలుడు కింద పడ్డాడు" అని నేర్పి ఉంటావు. నాకు తెలుసులే.

ఆడియో మామూలు వేగంతోనే రికార్డు చెయ్యి. జవాబులు వెనక పేజీల్లో ఇవ్వు.

మీ అమ్మ నీ ఆరో పాఠం ఫోటో తీసి పంపింది. నలభై మాటల పేరాలో, ముందు పాఠాల్లో ఎక్కడా రానివి పదకొండు లెక్కపెట్టాను. ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే దాదాపు 98 శాతం మాటలు తెలిసుండాలని 2000లో హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకుల అధ్యయనంలో తేలింది. అంటే యాభైకి ఒక్కటి కొత్తది. టీచరు పక్కనుంటే ఇంకొన్ని ఎక్కువైనా పరవాలేదు. కానీ పదకొండా?

బాగుందా అని మాత్రం ఎవరినీ అడగకు. మొహమాటానికి బాగుందనే అంటారు. కోర్సుకు ముందోసారి, అయ్యాక ఓసారి, కస్టమర్ మాట ఒకటి వినిపించి "ఈయనకేం కావాలి?" అని అడుగు. రెండింటికీ తేడా ఎంతో చూడు. అచ్చుకిచ్చే ముందు రెండు పాఠాలు ఐదారుగురితో నడిపించి, నువ్వు వెనక బెంచీలో కూర్చో. ఎక్కడ పేజీ వెనక్కి తిప్పుతున్నారో, ఎక్కడ పక్కవాళ్ళని అడుగుతున్నారో రాసుకో. నోరు మూసుకుని కూర్చోవడం నీకు కష్టమే. చిన్నప్పుడు బొమ్మలకి పాఠం చెప్పి, అవి తలూపలేదని అలిగినదానివి. అయినా కూర్చో.

ఆ పన్నెండు పాఠాలూ పారేయకు. విన్న మాటలు వచ్చాక వాటిలో ఏవి నిలుస్తాయో నీకే తెలుస్తుంది. కోప్పడ్డానని అనుకోకు, మీ అమ్మ దగ్గర నీ గురించి ఎంత గొప్పగా చెప్పానో అడుగు.

ఆ పిల్ల ఊరు మారేటప్పుడు ఆ అట్ట చింపి నాకిచ్చేసింది. ఈ ఉత్తరంతో పెడుతున్నాను, జాగ్రత్త. ప్రతి మాట పక్కనా తెలుగులో రాసి పెట్టాను. రెండో వరసలో చివరి మాట ఒక్కటే ఖాళీగా ఉంటుంది. అది ఏ రోగి అన్నాడో, ఏమిటో ఆమెకే గుర్తు రాలేదు.

నీ పెద్దమ్మ