రీకాల్ పెండింగ్‌లో ఉన్న కారు నడపొచ్చా?

మీరు తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఉందని తర్వాత తెలిసింది, బాగానే నడుస్తోంది కదా అంటున్నారు. బాగా నడవడం వేరండీ. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో బ్యాగును ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడవుతుంది. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దాన్ని ఉబ్బించే లోహపు డబ్బా (ఇన్‌ఫ్లేటర్) పగిలి లోహపు ముక్కలు మనిషికే తగలొచ్చు. మన ఎండల్లో ఆరుబయట నిలిపే బండికిది చిన్న విషయం కాదు. అదే బ్రేకుల రీకాల్ అయితే తిరుమల ఘాట్ రోడ్డు ఊసే వద్దు.

కంపెనీ ఉత్తరం పాత ఓనరుకే పోయుంటుంది. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లేదా ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి. రీకాల్ రిపేరు ఉచితం, రెండో ఓనరైనా సరే. పార్టు రాలేదంటే ఎప్పుడొస్తుందో రాయించుకోండి. లోపం ప్యాసింజర్ వైపుదైతే అప్పటిదాకా ముందు సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకండి.